రిటైరయ్యాక నాలుగేళ్లు చేసిన ఉద్యోగం

ఆ శుక్రవారం పొద్దున పది దాటాక, మల్కాజ్‌గిరిలో మా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ముప్పై మూడేళ్లు పత్రికాఫీసు డెస్కులో ఇతరుల వాక్యాలకు ఈనెలు తీసినవాణ్ని కాబట్టి, రిటైరయ్యాక మా ఆవిడ ఈ పని నాకే ఒప్పజెప్పింది. ఫోను టింగుమంది. ఆరు అంకెల కోడ్. కింద, ఎవరికీ చెప్పవద్దని హెచ్చరిక. నేనెవరికీ చెప్పలేదు. నిమిషంలో ఇంకోటి వచ్చింది. తర్వాత రెండు కలిసి వచ్చాయి. కాయలు సగం అయ్యేసరికి ఇరవై దాటాయి.

"ఎవరండీ అన్ని మెసేజీలు?" అంది మా ఆవిడ లోపల్నుంచి.

"ఎవరో మోసగాళ్లు."

"ఎంతమంది?"

"ఇరవై మంది దాకా ఉన్నట్టున్నారు."

"ఒక్క పెన్షన్ మనిషికి ఇరవై మందెందుకండీ?"

సబబైన ప్రశ్నే. జవాబు వెతుకుతుండగా ఫోను మోగింది. అవతల ఓ అమ్మాయి గొంతు. "నమస్తే సర్. నేను ఆఫీసు ఐటీ నుంచి మాట్లాడుతున్నాను. మీకు కోడ్‌లు వచ్చుంటాయి..."

"వచ్చాయి. ఇరవై రెండు. ఒక్కటి కూడా చెప్పను."

"చెప్పొద్దు సర్! ఎవరడిగినా చెప్పొద్దు. అది చెబుదామనే చేశాను."

కోడ్ చెప్పొద్దని బతిమాలే మోసగాణ్ని నేనెప్పుడూ చూడలేదు. నమ్మకం కలిగింది.

"సర్, మీరు రిటైరయి ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు."

"మరి ఇవాళ పొద్దుట్నుంచి మీరు పదకొండు ఐటమ్‌లు రాశారు సర్. ఇప్పుడూ రాస్తున్నారు. ఆదివారం అనుబంధంలో వంటల పేజీ మీ పేరు మీదే తెరిచి ఉంది."

"ఏం వంట రాస్తున్నాను?"

"గోంగూర మటన్ సర్."

మా ఇంట్లో మూడు తరాలుగా మాంసం లేదు. చేతిలో ఉన్న చిక్కుడుకాయ వంక చూసుకున్నాను.

ఇంతలో అవతల ఎవరో ఫోను లాక్కున్నారు. ఇప్పుడు డెస్కు ఇన్‌చార్జి అతనే. ఒకప్పుడు నా దగ్గరే ట్రైనీగా చేరాడు. మూడు పేజీలు రాసుకొచ్చిన అతని మొదటి వార్తను నేను నాలుగు లైన్లకు కోశాను. ఆ రోజు నుంచి నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఆ పిలుపులో ప్రేమ ఎంతో, ఆ నాలుగు లైన్ల కోపం ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

"అన్నా, జెర వచ్చి పో అన్నా. మస్తు పరేషాన్ ఉంది. నువ్వు లేకుంటే పేపర్ నడుస్తలేదు."

రిటైరైన మొదటి ఏడాదంతా ఎవరైనా ఈ మాట అంటారేమోనని ఎదురుచూశాను. రెండో ఏడాది మానేశాను. నాలుగో ఏట, చిక్కుడుకాయల మధ్య విన్నాను. చొక్కా తొడుక్కుని లోకల్ రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. మా ఆఫీసులోకి కంప్యూటర్ పద్ధతి వచ్చిన కొత్తలో, అమర్చడానికి వచ్చిన మనిషి "అన్ని అధికారాలూ ఒకరికి ఇవ్వాలి, ఎవరికి?" అని అడిగాడు. ఇన్‌చార్జి చాయ్‌కి వెళ్లి ఉన్నాడు, అప్పటి ఇన్‌చార్జి. హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నది నేనొక్కణ్నే. అలా నాకు వచ్చాయి. మిగతావాళ్ల లాగిన్‌లకు తలా ఒక కట్టడి: రిపోర్టర్ రాయొచ్చు, దిద్దకూడదు, సబ్ ఎడిటర్ దిద్దొచ్చు, పేజీ పంపకూడదు. వారం తిరిగేసరికి అందరూ తమ తమ లాగిన్‌లు మర్చిపోయి నా పేరుతోనే లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు. పాస్‌వర్డ్ ఏమంత కష్టమైనది కాదు. మల్కాజ్‌గిరి, పక్కన ఒకటి. ఆరు నెలలకోసారి మార్చమని కంప్యూటర్ గోల చేసినప్పుడల్లా ఎవరో ఒకరు ఒకటిని రెండు చేసి, రెండును మూడు చేసి, హాలంతా వినపడేలా కేక పెట్టేవారు: "మల్కాజ్‌గిరి నాలుగు అయిందహో!" కింద చాయ్ బండి అతనికి కూడా తెలుసు. కొత్తగా చేరినవాళ్లు అతన్నే అడిగేవారు.

నేను రిటైరైన రోజున శాలువా కప్పారు. ఐడీ కార్డు తీసుకున్నారు, బీరువా తాళంచెవి తీసుకున్నారు, లైబ్రరీ నిఘంటువు తిరిగిచ్చానని రాయించుకున్నారు. ఆరు విభాగాల సంతకాలతో బాకీ లేనట్టు కాగితం ఇచ్చారు. పాస్‌వర్డ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మెట్లు దిగుతుంటే ఒకతను మాత్రం వెనకే వచ్చి చెవిలో చెప్పాడు: "అన్నా, ఇంట్ల కూసొని పాస్‌వర్డ్ మార్చకు."

హాల్లో అడుగుపెట్టగానే ఆ అమ్మాయి ఎదురొచ్చింది. సన్నగా, కళ్లజోడుతో, మెడలో కార్డుతో. వాళ్లది శ్రీకాకుళం వైపు. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటారు. చదివిందంతా ఇక్కడే, తిరుమలగిరిలో. కంగారు పడితే మాత్రం మాట శ్రీకాకుళం వెళ్లిపోతుంది.

"ఏటైపోనాదో చూడండి సర్," అంది.

చూశాను. ఆఫీసులో ఐదు సాఫ్ట్‌వేర్‌లున్నాయి: వార్తలు రాసేది, ఫొటోలు దాచేది, పేజీలు కట్టేది, సెలవు అడిగేది, క్యాంటీన్ కూపన్ తీసేది. అయిదూ ఒకే ఫ్రేమ్‌వర్క్ మీద కట్టినవే. ఇంటికి స్తంభాలూ దూలాలూ ఎలాగో సాఫ్ట్‌వేర్‌కి ఫ్రేమ్‌వర్క్ అలాగని చెప్పింది. అయిదింటికీ అయిదు పాస్‌వర్డ్‌లు ఎందుకని, ఆ ఫ్రేమ్‌వర్క్‌లోనే సింగిల్ సైన్ ఆన్ అనేది పెట్టింది. "మా అపార్ట్‌మెంట్ గేటు లాగ సర్. గేటు దగ్గర ఒకసారి మీరెవరో చెప్తే చాలు. ఆ తర్వాత లిఫ్టు దగ్గర, మేడ మీద మళ్లీ అడగరు. ఇక్కడ ఆఫీసు మెయిలే గేటు. ఎవరి మెయిల్‌తో వాళ్లు రావాలి."

మూడు నెలలు కష్టపడి ఈ పొద్దునే గేటు నిలబెట్టింది. వారం ముందే సర్క్యులర్ పంపింది. పత్రికాఫీసులో రాసేవాళ్లూ దిద్దేవాళ్లూ ఉంటారు గాని సర్క్యులర్ చదివే ఉద్యోగం ఎవరికీ ఉండదు. గేటు నిలబెట్టకముందే నా పేరుతో లోపలికి వెళ్లినవాళ్లు రాస్తూనే ఉన్నారు. తర్వాత వచ్చినవాళ్లు రోజూ లాగే నా పేరు, మల్కాజ్‌గిరి ఇరవై మూడు కొట్టారు. కొత్త గేటు, ఈయన మెయిల్ ఏదీ అని చూసింది. లేదు. ఫోన్ నంబరుంది. నిజంగా ఈయనేనా అని కోడ్ పంపింది. ఇరవై రెండు మంది కొడితే ఇరవై రెండు సార్లు పంపింది.

"మరి నేనెందుకు రావాలి? నన్ను తీసెయ్, అయిపోతుంది."

"తీసేస్తే పేజీలు పోతాయి సర్. ఆదివారం అనుబంధం నాలుగు పేజీలూ నిన్ననే మీ పేరుతో తెరిచి పెట్టుకున్నారు వీళ్లు. తెరిచినవాళ్లే వదలాలి. మీరు వదిలితేగాని ఎవరూ ముట్టుకోలేరు. నాలుగింటికి ప్రెస్‌కి వెళ్లాలి."

"నువ్వు వెనకనుంచి వదిలించలేవా?"

"వదిలించగలను సర్. రెండు నిమిషాలు." తల వంచుకుంది. "కానీ ఎడిటర్ గారు నిన్న అందరి ముందూ అన్నారు, మొదటి రోజే దొడ్డిదారి తెరవాల్సొస్తే ఈ గేటెందుకమ్మా, పాత పద్ధతే నయం కదా అని. నాది ఆరు నెలల ప్రొబేషన్ సర్. ఈ నెలతో అయిపోతుంది. నేను చేసిన పనల్లా ఇదే."

అప్పటికి పన్నెండున్నర.

పక్కనే నిలబడ్డ ఇన్‌చార్జి ముఖం తిప్పుకున్నాడు. నాలుగు పేజీలు తెరిచింది అతనే. "గిట్ల అయితదని ఎవనికి ఎరుక అన్నా," అన్నాడు గోడతో.

నా పేరు మీద ఏమేం జరిగిందో ఆ అమ్మాయి తెర మీద చూపించింది. నాలుగేళ్లలో నేను క్రికెట్ రాశాను, జుట్టు రాలకుండా చిట్కాలు రాశాను, మూడు జిల్లాల డెస్కుల్లో ఒకే నిమిషంలో పనిచేశాను. రోజుకు నాలుగు కోడిగుడ్డు కూర కూపన్లు తీశాను. వారఫలాలు కూడా నేనే. ఈ వారం నా రాశికి పాత పరిచయాల వల్ల పని ఒత్తిడి, అనుకోని ప్రయాణం అని నేనే రాసుకున్నాను. మొన్న ఆదివారం మా ఆవిడ అది చదివి వినిపిస్తే కొట్టిపారేశాను.

"మొదట్లో మిమ్మల్ని చూసి భయమేసింది సర్. నిద్రపోరు, భోజనానికి లేవరు, ఆదివారం రారన్న మాట లేదు. మనిషి కాదు, ఏదో మెషిన్ దూరిందనుకున్నాను."

నా సర్వీసు మొత్తంలో ఏ ఎడిటరూ నన్నింతగా మెచ్చుకోలేదు.

నాకు మెయిల్ ఒకటి పుట్టిస్తే, దాన్ని పాత లాగిన్‌కు ముడిపెట్టి, నా చేత్తో నేనే పేజీలు వదిలేయొచ్చని తేల్చింది. మెయిల్ ఇవ్వాల్సింది సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసర్. ఆయనది బందరు వైపు. రూల్ తప్పి నీళ్లు కూడా తాగని మనిషి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజూ కలిసి మజ్జిగ తాగేవాళ్లం.

"రిటైరైనవారికి మెయిల్ ఇవ్వడం కుదరదండీ," అన్నాడు. "మా లెక్క ప్రకారం మీరు లేరు."

"మీ ఎదురుగానే కూర్చున్నానండీ."

"అది వేరే సంగతండీ. సిస్టమ్ ప్రకారం చెబుతున్నాను."

"సిస్టమ్ ప్రకారమే పొద్దుట్నుంచి పదకొండు ఐటమ్‌లు రాశానండీ."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. మెయిల్ మూడు రకాల వాళ్లకే ఇస్తారట. పర్మనెంట్ అయితే వయసు దాటిపోయింది. కాంట్రాక్ట్ అయితే హెడ్డాఫీసు సంతకం కావాలి, మూడు రోజులు పడుతుంది. మూడోది ట్రైనీ. దానికి ఆయన సంతకం చాలు. "వయసు పరిమితి?" అని అడిగాను. ఫారం ముందూ వెనకా తిప్పి చూశాడు. పరిమితి వేయాలని ఎవరికీ తోచలేదు.

అరవై రెండో ఏట ట్రైనీ ఫారం నింపాను. అభిరుచులు రాయమంటే ఖాళీ వదిలాను. ఒప్పుకోలేదు. చిక్కుడుకాయలు అని రాశాను. కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి నడవడిక పత్రం కావాలన్నాడు. మా ప్రిన్సిపాల్ పోయి ఇరవై ఏళ్లయిందని చెప్పాను. "అయ్యో, ఎప్పుడండీ?" అని నొచ్చుకుని ఆ గడిలో ఒక గీత పెట్టాడు. చివర సంరక్షకుడి సంతకం. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిణ్ని అడగబోతే ఇన్‌చార్జి అడ్డొచ్చాడు.

"నేను పెడ్త తీయన్నా. నీ సూపర్‌వైజర్ నేనే గదా ఇప్పుడు." బల్ల మీద వంగి ఒత్తి ఒత్తి పెట్టాడు. "కానీ నా దగ్గర ట్రైనీ అంటే చాయ్ తేవాలె."

"తెస్తాన్లే. నీ మొదటి వార్త కోసినప్పుడు నువ్వు తెచ్చిన చాయ్‌లో చక్కెర లేదు."

"కోపంల మర్చిపోయిన అన్నా."

మెయిల్ పుట్టి, మెడలో ట్రైనీ కార్డు పడేసరికి రెండున్నర. గేటు దగ్గర నా పేరు చెప్పాను. కోడ్ వచ్చింది. ఆ రోజు మొదటిసారి దాన్ని వాడాను. లోపలికి వెళ్లాను. నాలుగు పేజీలూ ఎదురుగా కనిపించాయి. వంటల పేజీ మీద నొక్కాను. తెర మీద ఎర్ర అక్షరాల్లో వచ్చింది: ఈ పేజీ తెరవడానికి మీకు అధికారం లేదు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. అధికారాలు మనిషిని బట్టి కాక హోదాను బట్టి వచ్చేట్టు తనే కట్టింది. ట్రైనీకి ఏ అధికారమూ ఇవ్వకూడదని కూడా తనే రాసింది. పదకొండేళ్లు అందరికీ తలుపులు తీసిన నా పేరు ఒక్క నొక్కుతో పసిపిల్లాడి పేరైపోయింది.

"ఐపోనాది సర్," అంది. "నా చేతులతో నేనే..."

హాల్లో అందరూ చుట్టూ చేరారు. ఎవరో, రెండు నిమిషాల పని కదమ్మా, వెనకనుంచి తీసెయ్, ఎడిటర్‌కి ఎవరు చెప్తారు అన్నారు. తను తల అడ్డంగా ఊపింది. "చెప్పకపోతే నాకు తెలీదాండీ?"

డెస్కు మనిషికి ఒక్క అలవాటు ఎప్పటికీ పోదు. వాక్యం అర్థం కాకపోతే మళ్లీ మొదట్నుంచి చదువుతాడు. ఆ ఎర్ర వాక్యం మళ్లీ చదివాను. తెరవడానికి అధికారం లేదన్నది. వదలడానికి లేదనలేదు.

"అమ్మా, ట్రైనీ తెరవకూడదు, సరే. తన దగ్గరున్నది తిరిగివ్వొచ్చా?"

ఆమె కళ్లజోడు సర్దుకుని తను రాసిందంతా కిందికి జరుపుకుంటూ చూసింది. పెదవులు కదులుతున్నాయి. ఒకచోట ఆగింది. "ఇవ్వొచ్చు సర్! ఎవరైనా తమ దగ్గరున్నది ఎప్పుడైనా వదలొచ్చని రాశాను. దానికి హోదా అక్కర్లేదు."

పేజీ తెరవకుండా, పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే వదిలేస్తుందట. నొక్కాను. గోంగూర మటన్ నా చేతుల్లోంచి వెళ్లిపోయింది. తర్వాత సినిమా పేజీ, పిల్లల పేజీ, వారఫలాలు. ఇన్‌చార్జి తన మెయిల్‌తో, తన పేరుతో ఒక్కొక్కటే తీసుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ హాల్లో ఒక మనిషి తన పేరుతో పేజీ తెరిచాడు. "నా పేరు గిట్ల కనిపిస్తదా!" అని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మూడున్నరకి ఎడిటర్ వచ్చాడు. అనుబంధం చూసే పంపుతాడు, ఎప్పుడూ అంతే. మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని చకచకా ఏదో కొట్టాడు. ముఖం చిట్లించాడు. మళ్లీ కొట్టాడు. ఆ అమ్మాయి నా పక్కన కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది.

"ఏమ్మా, పని చేయట్లేదే," అన్నాడు ఎడిటర్ తల తిప్పకుండా. "ఇరవై మూడేనా, ఇరవై నాలుగయిందా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఒకతను కిటికీ దగ్గరికి వెళ్లాడు.

ఆమె రెండడుగులు ముందుకు వేసింది. "సర్... అది పని చెయ్యకూడదు సర్. అది పని చెయ్యకుండా చెయ్యడమే సర్ నా పని."

ఎడిటర్ చేతులు మీటల మీదే ఆగిపోయాయి. మెల్లగా తిరిగి ఆమెను చూశాడు, ఆమె వెనక నన్ను చూశాడు, నా మెడలో కొత్త కార్డు చూశాడు.

"మీరేంటి ఇక్కడ?"

"ట్రైనీనండి. ఇవాళే చేరాను."

పర్సనల్ ఆఫీసర్ గుమ్మంలోంచి, "ఫారం సక్రమంగానే ఉందండీ," అన్నాడు.

అప్పుడు మొదలైంది ఎడిటర్ నవ్వు. ఆ నవ్వు వెనక హాలంతా నవ్వింది. కళ్లు తుడుచుకుని, "నా మెయిల్ ఏంటమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. పాస్‌వర్డ్ ఆయనకు గుర్తులేదు. కొత్తది పెట్టుకోమంది. ఆయన కాగితం తీసి రాసుకోబోతే, "రాయొద్దు సర్," అంది. ఆయన కలం మూసేశాడు. ఆ ఎడిటర్ చేత ఎవరైనా కలం మూయించడం నేను చూడ్డం అదే మొదలు.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా నాలుగు పేజీలూ వెళ్లాయి.

"నన్నే లోపలికి రానివ్వలేదంటే గట్టిగానే కట్టావు," అన్నాడు ఎడిటర్ లేస్తూ. "ఒక్క పని మిగిలింది. ఈయన పేరు పూర్తిగా మూసెయ్. అది మూసినట్టు కాగితం తెచ్చిన రోజు నీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెడతాను."

ఆ అమ్మాయి వెంటనే మూయబోయింది. కుదరలేదు. ట్రైనీ లాగిన్ మూయాలంటే, శిక్షణలో ఏం నేర్చుకున్నాడో ట్రైనీ ఒక పేజీ రాసివ్వాలి, సూపర్‌వైజర్ దాన్ని చూసి ఆమోదించాలి. పర్సనల్ ఆఫీసర్ రూల్ చదివి వినిపించాడు. నేను వదిలెయ్యమని బతిమాలలేదు. ఆ పిల్ల ఉద్యోగం నా పేజీ మీద ఆగి ఉంది.

కూర్చుని రాశాను. చాలా రోజులైంది కదా, చెయ్యి ఆగలేదు. ఎవరి పనికి వాళ్ల పేరు ఉండాల్సిన అవసరం గురించి, నా పేరుతో జరిగిన పనుల్లో నాకు నచ్చినవాటి గురించి, జుట్టు చిట్కాలలో నిమ్మరసం మోతాదు ఎక్కువైన సంగతి, ఆ పైన గేటు గురించీ దాన్ని కట్టినమ్మాయి గురించీ. పేజీ నిండింది. వెనక్కి తిప్పి ఇంకో సగం రాశాను. తీసుకెళ్లి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాను.

అతను చదివాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. అతని మొదటి వార్త మీద నేను వాడినటువంటి పెన్నే. మొదటి పేరా కొట్టేశాడు. రెండో పేరా కొట్టేశాడు. నిమ్మరసం ఉంచుతాడనుకున్నాను, అదీ పోయింది. చివరికి గేటు గురించీ, ఆ అమ్మాయి గురించీ రాసినవి మాత్రం మిగిలాయి. లెక్కపెట్టాను. నాలుగు లైన్లు.

"మంచిగ రాసినవన్నా," అన్నాడు సంతకం పెడుతూ. "జెర పొడుగైంది, గంతే."

కాగితం ఆ అమ్మాయికిచ్చి, సూపర్‌వైజర్‌కి చాయ్ తేవడానికి కిందికి దిగాను. చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేయించాను.